పైకి రాని తొమ్మిదో పేజీ

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం నా కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోయింది. మళ్ళీ తెరిచినప్పుడు ఒక ప్రశ్న వేసింది: భద్రపరచని పని ఒకటి ఉంది, తిరిగి తీసుకురావాలా? కింద రెండు గళ్ళు ఉన్నాయి, అవును అని ఒకటి, వద్దు అని ఒకటి. నేను మౌసు మీది నుంచి చెయ్యి తీసేశాను. కుర్చీని గోడవైపు తిప్పుకుని, గడియారం చూసుకుని, సరిగ్గా అరగంట కూర్చున్నాను.

ఈ పనికి శాస్త్రీయమైన ఆధారం ఏదీ లేదు. ఉద్యోగమున్నన్నాళ్ళూ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. ఆధారం లేని పని ఇంకొకరు చేస్తేనే సహించను, నేనే చేస్తే చెప్పనక్కరలేదు. ఆ అరగంటా విసుక్కుంటూనే కూర్చున్నాను. ఆ విసుగులో కొంత కంప్యూటర్ మీద, చాలావరకు నా మీద, మిగిలింది పోయిన చలికాలంలో చనిపోయిన ఒక మనిషి మీద. అరగంట ఆగమనేది ఆయన నియమం. ఆయన బతికున్నప్పుడు ఆ నియమాన్ని నేను ఒక్కసారి కూడా పాటించలేదు.

గోదావరిఖని చౌరస్తా నుంచి కూరగాయల మార్కెట్‌కు దిగే సందులో, మందుల దుకాణానికీ సైకిల్ రిపేరు షాపుకూ నడుమ ఉండేది ఆయన డీటీపీ గది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, ఆయన భార్య బైండింగు చేసే బల్ల, గోడకు ఒక చెక్కపలక. పలక నిండా వరుసగా మేకులు. కొన్ని మేకులకు నంబర్లు కొట్టిన ఇత్తడి బిళ్ళలు వేలాడుతుండేవి. కొత్తగా వచ్చినవాళ్ళు అవి తాళంచెవుల కోసమనుకునేవారు.

గది తెరవకముందు ఆయన ఒక భూగర్భ గనిలో ల్యాంపు రూము మనిషి. కిందికి దిగబోయే కార్మికుడు అక్కడ తన నంబరు బిళ్ళ పలకకు తగిలించడానికి ఇచ్చి దీపం తీసుకుంటాడు. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. షిఫ్టు ముగిశాక పలక మీద ఒక బిళ్ళ మిగిలిందంటే ఒక మనిషి ఇంకా కిందనే ఉన్నాడని అర్థం. ఆ బిళ్ళ తేలేదాకా ల్యాంపు రూము మనిషి ఇంటికి పోకూడదు. గని మూతపడింది, ఆయన ఉద్యోగం వదులుకున్నాడు, తెలుగు టైపు నేర్చుకున్నాడు, కానీ పలకను మాత్రం వదలలేదు. ఆ బిళ్ళలు పాత ఇనుప సామాను కొట్లో దొరికాయనేవాడు. ఆ మాటను నేను నిర్ధారించుకోలేకపోయాను.

పని మొదలుపెట్టగానే పెట్టెలోంచి ఒక బిళ్ళ తీసి మేకుకు తగిలించేవాడు. ఆ పనిని కంప్యూటర్‌లో భద్రపరచి, ప్రింటు తీసి, మనిషి చేతికిచ్చాకనే బిళ్ళ మళ్ళీ పెట్టెలో పడేది. 'సేవ్' అన్న మాట ఆయన నోట నేను వినలేదు. తెరిచి ఉన్న ఫైలు 'లోపల' ఉన్నట్టు, భద్రపరచినది 'పైకొచ్చినట్టు'. పెండ్లి పత్రికలు, చర్చివాళ్ళ క్రిస్మస్ కరపత్రాలు, యూనియన్ నోటీసులు, అన్నీ ఆయన లెక్కలో కిందికి దిగి పైకి రావలసిన మనుషులే.

ఒకసారి ఒక పెండ్లికొడుకు గుమ్మంలో నిలబడి తొందరపెట్టాడు.

"అన్నా, నా పత్రిక అయిందా?"

"నువ్వింక లోపల్నే ఉన్నవ్ తమ్మీ. పైకొచ్చేదాంక నీకు పెండ్లి లేదు."

"జల్ది తియ్యన్నా, అటెన్క మా మామ లోపలేస్తడు!"

ఆయన నవ్వలేదు. బైండింగు బల్ల దగ్గర ఆయన భార్య నవ్వింది. ఆయన లేచి, ఆ బిళ్ళ మేకుకు సరిగ్గా ఉందో లేదో ఒకసారి వేలితో తట్టి చూసి వచ్చి కూర్చున్నాడు. పాతికేళ్ళ పరిచయంలో ఆ తట్టి చూడడాన్ని నేను ఎన్నిసార్లు చూశానో.

నాకు నచ్చనిది ఆయన ఫైళ్ళను పైకి తెచ్చే పద్ధతి. సైరన్ మోగితేనే తెచ్చేవాడు. ఏడింటికీ మూడింటికీ షిఫ్టు సైరన్, రెండింటికి, నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్‌లో పేలుళ్ళకు ముందు మోగే సైరన్. రెండింటి సైరన్ వినగానే మాట్లాడుతున్న వాక్యం సగంలో ఆగిపోయేది, వేళ్ళు పనిని భద్రపరిచే రెండు మీటల మీదికి పోయేవి. ఆ తరువాత నేల కదిలేది, అద్దాల బీరువా గలగలమనేది, కొన్నిసార్లు కరెంటు కూడా పోయేది. పేలుడుకు ముందే పని భద్రపరచాలన్నంతవరకు అందులో తర్కం ఉంది. పేలుడే లేని వేళల సంగతేమిటి?

"పది నిమిషాలకోసారి ఆ రెండు మీటలు నొక్కుండ్రి. ఒక్క సెకను పని," అనేవాణ్ణి.

"పది నిమిషాలకోసారి మనిషిని పైకి గుంజితే ఇగ బొగ్గెప్పుడు తీస్తడు సారూ?"

"ఇది బొగ్గు కాదు."

"మీకు కాదు."

ఇటువంటి వాదాల్లో నాకు ఒరిగింది ఏమీ లేదు. మంగళవారాల్లో కంప్యూటర్ ఎక్కువసార్లు ఆగిపోతుందని ఒకసారి అన్నాడు. నేను ఒక కాగితం అంటించి, ఆగినప్పుడల్లా రోజు రాయమన్నాను. మూడు నెలల తరువాత చూస్తే మంగళవారానికి ఏ ప్రత్యేకతా లేదు. కాగితం ఆయన ముందు పెట్టాను. తీరిగ్గా చదివి, "మీరు రాస్తున్నరని తెలిసి బుద్ధిగ ఉన్నది సారూ," అన్నాడు. కాగితాన్ని పారేయకుండా సొరుగులో పెట్టుకున్నాడు. మరుసటి మంగళవారం చూస్తే కంప్యూటర్ దగ్గర మామూలు కంటే మెల్లగా పనిచేస్తున్నాడు.

అరగంట నియమం కూడా అలాంటిదేనని అనుకున్నాను. కంప్యూటర్ ఆగిపోతే ఆయన వెంటనే ముట్టుకునేవాడు కాదు, ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. కుర్చీ వెనక్కి తిప్పి, ఒక తెల్లకాగితం తీసుకుని, అప్పటిదాకా టైపు చేసినదాంట్లో గుర్తున్నదంతా రాసేవాడు. చెత్తబుట్టలో పడేసిన పాత ప్రింట్లు ఏరి, చేత్తో సాపుచేసి ఒక వరుసలో పరిచేవాడు. అప్పుడు గాని మళ్ళీ మీట నొక్కడు.

"గనిల మందు పేల్చినంక అరగంటదాంక ఎవ్వలు లోపలికి పోవద్దు. పొగ పోవాలె."

"అక్కడ విషవాయువులు పుడతయి కనుక ఆ నియమం. ఈ డబ్బాల ఏ వాయువు పుట్టిందో చెప్పుండ్రి."

"అది మీరే చెప్పాలె సారూ. సైన్సు మీది."

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇది ఆరేడేళ్ళ కిందటి సంగతి.

మా ప్రాంతపు ఒక ఊరి అంచుకు ఓపెన్‌కాస్ట్ గని వచ్చి చేరింది. గనిని ఇంకా విస్తరించడానికి ప్రజాభిప్రాయ సభ పెట్టారు. ఆ ఊళ్ళో గోడలు పగులుతున్నాయని, బావులు ఎండుతున్నాయని జనం చెబుతుంటే, చెప్పడం వేరు, చూపించడం వేరు అని నేను రెండేళ్ళపాటు కొలతలు తీశాను. పగుళ్ళకు అడ్డంగా సన్నని గాజుపట్టీలు అతికించి, నెలనెలా పోయి ఏది విరిగిందో, పగులు ఎంత పెరిగిందో రాసుకున్నాను. బావుల్లోకి తాడు వదిలి నీటిమట్టం చూశాను. వాటిని ఒక పుస్తకంగా చేసి సభలో అధికారులకు ఇవ్వాలని సంకల్పం. సభలో మాట్లాడటానికి ఎవరికి వంతు వస్తుందో, ఎవరికి రాదో చెప్పలేం. పుస్తకంలోకి ఎక్కితే కనీసం కాగితం మీద ఉంటుంది. కొలతల పట్టికలన్నీ ఆయనే పేర్చి, ప్రింటు తీసి పెట్టాడు. అవి చూస్తూ ఒకరోజు అడిగాడు.

"మనుషులేరి సారూ దీంట్ల?"

"ఇండ్ల నంబర్లు ఉన్నయి గదా."

"ఇండ్లు మాట్లాడతయా?"

కొలవడానికి వీల్లేని మాటలకు ఈ పుస్తకంలో చోటు లేదన్నాను. ఆయన వినలేదు. చివరికి ఊళ్ళోంచి పన్నెండు మంది వచ్చి ఒక్కొక్కరు ఒక్కో పేజీ చెప్పాలని, వాళ్ళు చెబుతుండగానే ఆయన నేరుగా టైపు చేయాలని కుదిరింది. మరునాడు పొద్దున పదింటికి సభ. సాయంత్రం ఆరింటికల్లా జిరాక్సు, బైండింగు అయిపోవాలి.

పదింటికి రెండు ఆటోల్లో వచ్చారు. ఆయన పలక మీద పన్నెండు బిళ్ళలు తగిలించాడు. మామూలుగా పనికి ఒక బిళ్ళ. ఆ రోజు మనిషికి ఒకటి. తొమ్మిదో బిళ్ళ రాజవ్వది. గనిలో పనిచేసి కాలం చేసిన ఒక కార్మికుడి భార్య ఆమె. ఆమె వంతు వచ్చినప్పుడు నేను గదిలో లేను, ఊరి మ్యాపు జిరాక్సు కోసం పక్క సందులోకి పోయాను. తిరిగివచ్చేసరికి ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. ఆయన లేచి ఆమెకు మంచినీళ్ళు ఇస్తున్నాడు.

"అంతా రాసినవా బిడ్డా?"

"రాసిన అవ్వా. ఫికర్ చెయ్యకు."

రెండున్నరకు పన్నెండో మనిషి ముగించాడు. అందరూ ఆటోలెక్కి వెళ్ళిపోయారు. రాజవ్వ మాత్రం ఊరికి పోకుండా రామకృష్ణాపూర్‌లోని బిడ్డ ఇంటికి పోయింది, పొద్దున నేరుగా సభకే వస్తానంది. మేము టీ తాగుతుండగా ఫ్యాను ఆగింది. కంప్యూటర్ ఆరిపోయింది. కరెంటు పోతే ఆదుకోవలసిన బ్యాటరీ పాడైందని, మార్చమని ఎండాకాలం నుంచి చెబుతున్నాను.

"పైకి తెచ్చినరు గదా?" అని అడిగాను.

ఆయన గోడ గడియారం వైపు చూశాడు. రెండూ నలభై.

"సైరన్ మోగలే సారూ."

నిజమే. ఆ రోజు రెండింటి సైరన్ మోగలేదు, పేలుళ్ళూ జరగలేదు. సభ ఉందని, అధికారులు వస్తున్నారని రెండు రోజులు పేలుళ్ళు ఆపారని తరువాత ఊళ్ళో అనుకున్నారు. దానికి నా దగ్గర రుజువు లేదు. యంత్రం చెడి ఉండవచ్చు, మందుగుండు రాక ఆగి ఉండవచ్చు. కారణం ఏదైనా, పేలుళ్ళ గురించి పన్నెండు మంది చెప్పిన మాటలు పేలుడు లేకపోవడం వల్ల పోయాయి. ఆ పూట నాకు ఆయన మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఇన్నేళ్ళుగా చెబుతున్న రెండు మీటలు.

ఐదు నిమిషాలకు కరెంటు వచ్చింది. ఆయన కుర్చీ వెనక్కి తిప్పుకుని కాగితం మీద రాయడం మొదలుపెట్టాడు.

"మూడు గంటల పొద్దే ఉన్నది. ఇప్పుడు కూడా అరగంటనా?" అన్నాను.

"ముట్టకుండ్రి సారూ. మీ దండం పెడత."

పన్నెండు నిమిషాలు ఓర్చుకున్నాను. అంతకంటే ఒక్క నిమిషం కూడా ఓర్చుకోలేకపోయాను. ఆయన రాతలో మునిగి ఉండగా నేనే కంప్యూటర్ పెట్టాను, పేజీలు అమర్చే ఆ సాఫ్ట్‌వేర్‌ను తెరిచాను. ఏదో ఇంగ్లీషు ప్రశ్న వచ్చింది. తొందరలో మొదటి వాక్యం చదివి, ఇదేదో అడ్డం అనుకుని, 'నో' నొక్కాను. నొక్కాక గాని, కంటబడిన రెండో వాక్యం బుర్రకెక్కలేదు. ఆగిపోయిన పనిని తిరిగి తెమ్మంటారా అని అది అడిగింది. నేను వద్దన్నాను. తెర మీద ఖాళీ పేజీ తెరుచుకుంది.

కుర్చీ తిప్పి ఆయన తెర చూశాడు. నన్ను చూశాడు. ఏదైనా అంటాడేమోనని ఎదురుచూశాను. అంటే బాగుండేది. ఆయన లేచి పలక దగ్గరికి పోయి, పన్నెండు బిళ్ళలనూ ఒక్కొక్కటే వేలితో తట్టి వచ్చాడు.

విద్యార్థుల ప్రయోగాల్లో ఒక్క అంకె తప్పితే ఎర్రసిరాతో కొట్టేసినవాణ్ణి నేను. పొగ అన్న మాట అసంబద్ధమే, దాని మీద నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. కానీ ఆ అరగంట పెట్టుకున్నది కంప్యూటర్ కోసం కాదని, కంగారుపడిన మనిషిని దాని దగ్గరికి పోనివ్వకుండా ఉండటానికని అప్పుడు తెలిసింది. తెలుసుకోవడానికి నేను చెల్లించింది నా సొమ్ము కాదు.

ఆ తరువాత ఆయన చేసిన పని చూశాను కనుక రాస్తున్నాను. కంప్యూటర్‌లో తాత్కాలికపు ఫైళ్ళు పడే ఒక మూలను వెతికి, పేరు లేని ఒక ఫైలును తెరిచాడు. అది ఎందుకు మిగిలిందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. లోపల తెలుగు లేదు. మా డీటీపీ ఫాంటులు పాతకాలానివి. ఫాంటు తీసేస్తే తెలుగు అక్షరాల చోట ఇంగ్లీషు అక్షరాలు, గీతలు, చుక్కలు పిచ్చిగీతల్లా కనిపిస్తాయి. ఆయన ఆ పిచ్చిగీతల మీద వేలు పెట్టి తెలుగులో చదవసాగాడు.

"మా బాయిల నీళ్ళు... మోకాలు మంటి ఉండె... ఇది మూడో ఆమెది సారూ."

నేను నమ్మలేదు. ఆ ముక్కను తీసుకుని, ఫాంటు పెట్టి చూపించమన్నాను. పెట్టాడు. రెండు అక్షరాలు తప్ప ఆయన చదివిందే ఉంది. ఆ తప్పిన రెండు కూడా ఫైలు చెడిన చోటనే.

అలా ఏడు పేజీలు దొరికాయి. మిగిలిన ఐదింటిలో నాలుగు, నేను పాడుచేయకముందు ఆ పన్నెండు నిమిషాల్లో ఆయన కాగితం మీద రాసుకున్నవి. జ్ఞాపకం మీద రాసినదాన్ని సాక్ష్యం అనలేమని నేను పట్టుబట్టాను. ఊరికి ఫోను చేసి ఆ నలుగురికీ చదివి వినిపించాము. ముగ్గురు తామన్నది అదేనన్నారు. నాలుగో ఆయన మధ్యలో ఆపాడు.

"మేకలు ఆరు కాదే, ఐదు! ఆరోది మా బామ్మర్దిది. ఆనిది నా లెక్కల కలిపితె ఆడు ఊకుంటడా?"

దిద్దుకున్నాము. ఇక మిగిలింది తొమ్మిది.

రాజవ్వ దగ్గర ఫోను లేదు. బిడ్డ నంబరు ఊళ్ళో ఎవరికీ తెలియదు. రామకృష్ణాపూర్‌లో ఇల్లు ఎక్కడో తెలియదు. నాలుగున్నర అయింది.

"ఆమె ఏం చెప్పిందో కొంచెం కూడ గుర్తులేదా?"

"అన్నీ యాదికున్నయి సారూ. ఎట్ల కూసున్నదో, యాడ ఆపిందో, ఎప్పుడు నీళ్ళడిగిందో. ఇంట్ల గోడ గురించి చెప్పింది. ఆమె పెనిమిటి బొగ్గుతోటి ఆ గోడ మీద ఏదో రాసిండట. పగులు దాని నడిమిట్లకెల్లి పోయిందట. ఏం రాసిండో చెప్పింది. గదే యాదికొస్తలేదు. నేను కొడుతున్నప్పుడు ఆమె ముఖం చూసిన. తెర చూడలే."

చెప్పి, ఆయన చప్పున నావైపు తిరిగాడు. ముఖంలో ఆశ కనిపించింది.

"సారూ! రాజవ్వ ఇంట్ల గాజు అతికించింది మీరే గదా? ఆ గోడకే గదా? ఏం రాసి ఉండె?"

రెండేళ్ళు, నెలనెలా, ఆ గోడకు జానెడు దూరంలో నిలబడ్డాను. ఆ పగులు మొదటి నెలలో ఎంత వెడల్పో, చివరి నెలలో ఎంతో, గాజుపట్టీ ఏ వారంలో విరిగిందో చూడకుండా చెప్పగలను. పగులు పక్కన నల్లటి మరకలేవో ఉన్నట్టు లీలగా గుర్తు. మసి అనుకున్నానేమో. అనుకున్నానో లేదో కూడా చెప్పలేను.

"చూడలేదు," అన్నాను.

ఆయన మళ్ళీ తెరవైపు తిరిగాడు. ఆయన భార్య జిగురు డబ్బా మూత పెట్టి తల వంచుకుంది.

ఐదయింది. అప్పుడు నేను అన్న మాట ఇక్కడ దాచితే ఈ రాతకు విలువ ఉండదు. "గోడ పగిలిందని, భర్త రాత చెడిపోయిందని నాలుగు వాక్యాలు రాసేయండి. ఆమె చెప్పింది అదేగా. సారం పోదు," అన్నాను. కొలత లేని మాటకు చోటు లేదన్నవాణ్ణి, చెప్పని మాటను చెప్పినట్టు రాయమన్నాను.

"సారం రాస్తే అది నా మాటయితది సారూ, ఆమెది కాదు."

"ఎవరికి తెలుస్తది?"

"బిళ్ళ మేకుకున్నది. మనిషి పైకి రాలె. వచ్చిండని రిజిస్టర్ల ఎట్ల రాయాలె?"

నాకు కోపం వచ్చింది, గొంతు పెంచాను. ఆయన గొంతు పెరగలేదు. తొమ్మిదో పేజీలో పైన రాజవ్వ పేరు పెట్టాడు. కింద అంతా ఖాళీ. అడుగున చిన్న అక్షరాల్లో ఒక్క వరుస: 'ఈమె చెప్పింది. మేము పోగొట్టినాము.' 'మేము' అన్నాడు. ఆ మాట దగ్గర నేను కళ్ళు తిప్పుకున్నాను. ఆ తరువాత ప్రింట్లు తీసి నా చేతికిచ్చి, మూలనున్న రెండో కంప్యూటర్‌లోకి కూడా ఫైలు ఎక్కించి, పదకొండు బిళ్ళలు తీసి పెట్టెలో వేశాడు.

మరునాడు సభలో పుస్తకం ఇచ్చాము. అధికారి ఒకాయన రెండు పేజీలు తిప్పి, పక్కన పెట్టి, మర్యాదగా తలూపాడు. మాట్లాడేవాళ్ళ జాబితాలో రాజవ్వ పేరు రాకముందే సమయం అయిపోయిందన్నారు. బయట వేపచెట్టు కింద ఆమె ఆయన చేతిలోని పుస్తకం అందుకుంది.

"నేను చెప్పింది ఏడున్నది కొడుకా?"

ఆయన పేజీ తీసి చూపించాడు. చదువు రాకపోయినా ఖాళీ ఖాళీలాగే కనబడుతుంది.

"గిదేంది? అందరియి నల్లగున్నయి, నాది తెల్లగున్నది?"

ఆయన చెప్పాడు. కరెంటు సంగతి, బ్యాటరీ సంగతి నేను అందుకుని వివరించబోయాను. 'నో' నొక్కిన సంగతి మాత్రం నా నోట రాలేదు. ఆయన నోట కూడా రాలేదు.

"పేరొక్కటి రాసి మాట మింగిండ్రు," అంది రాజవ్వ. "రెండేండ్లు ఈ సారు నా గోడకు అద్దాలు అతికిచ్చుకుంట తిరిగిండు. నువ్వేమో రాసిన అవ్వా ఫికర్ చెయ్యకంటివి. పోండ్రి."

ఆ వారంలోనే ఆమె గాజుపట్టీ పీకి పారేసింది. నన్ను గుమ్మం ఎక్కనివ్వలేదు. ఆయన రెండుసార్లు పోయాడు. రెండుసార్లూ అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇచ్చిందట, గోడ మాట ఎత్తితే మాత్రం లేచి లోపలికి పోయిందట. మూడో ఏడు ఊరు ఖాళీ చేయించారు. ఇండ్లు కూల్చారు. ఇప్పుడు ఆ ఊరున్న చోట పెద్ద గుంత.

ఆ తరువాత నేను ఆయన గదికి వెళ్ళడం తగ్గించాను. వెళ్ళినప్పుడల్లా పలక మీద మిగతా బిళ్ళలు మారుతుండేవి, తొమ్మిది మారేది కాదు. ఒకసారి విసుగొచ్చి, "అది ఇంక రాదు, తీసేయండి," అన్నాను.

"ల్యాంపు రూముల గట్ల తీసెయ్యరు సారూ," అన్నాడు. తట్టి చూసి వచ్చి కూర్చున్నాడు.

ఆయన పోయాక చర్చిలో పంచిన ప్రార్థనపత్రాన్ని వేరే దుకాణంలో వేయించారు. రెండు అచ్చుతప్పులు కనిపించాయి. పక్కవాళ్ళకు చూపించబోయి ఆగిపోయాను. గది ఖాళీ చేస్తున్నప్పుడు ఆయన భార్య కబురు పంపింది. వెళితే, కాగితంలో చుట్టిన బిళ్ళ చేతికిచ్చింది.

"ఇది ఎవలదో సారుకు ఎరుకన్నడు. మీకే ఇయ్యమన్నడు."

దాన్ని కొన్నాళ్ళు సొరుగులో పెట్టాను. పోయిన నెలలో జేబులో వేసుకుని, కొత్తగా కట్టిన కాలనీకి వెళ్ళాను. రాజవ్వ రేకుల పందిరి కింద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ముసలిదైంది. నన్ను గుర్తుపట్టి, "అద్దాల సారు," అంది.

ఆయన చనిపోయాడని చెప్పాను. చేతిలో కాయ ఆగింది.

"అయ్యో. మంచోడు. పాపం రెండుమాట్ల అచ్చిండు."

అప్పుడు, ఏళ్ళ తరువాత, 'నో' నొక్కింది నేనేనని చెప్పాను. ఆయన ఆగమన్నా ఆగలేదని చెప్పాను. ఆమె చేతిలోని కాయను పక్కన పెట్టింది.

"మరి ఆయినెందుకు చెప్పలే?"

బిళ్ళ తీసి ఆమె చేతిలో పెట్టి, ఆ రోజు చెప్పింది ఇప్పుడైనా చెప్పమన్నాను. ఆమె బిళ్ళను అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేసింది.

"ఆనాడు పొద్దుగాల గోడను చూసి అచ్చి చెప్పిన సారూ. కండ్ల ముంగట ఉండె. ఇప్పుడు ఏం చూసుకుంట చెప్పాలె?"

"ఏం రాసి ఉండెనో ఆ ఒక్క మాట..."

"మీరు చూసిండ్రు గదా. నెలకొక్కపారి."

అంతకంటే అడగలేకపోయాను. ఆమె మళ్ళీ కాయలు ఒలవడం మొదలుపెట్టి, తనంతట తానే మాట్లాడింది. ఈ కాలనీలో గోడలకు సున్నం నిలవడం లేదని, రెండింటి సైరన్ వినపడక పొద్దు తెలియడం లేదని, పాత ఇంటి మీది రేకుల్లో నాలుగు ఈ పందిరికే వేసుకున్నానని చెప్పింది. రాసుకోమంటావా అవ్వా అని అడిగాను. "రాసుకో. ఈసారి పోగొట్టకు," అంది.

కాగితం వెంట లేదు; ఇంటికి రాగానే, చెదిరిపోకముందే ఆ మాటలు టైపు చేస్తుండగా నా కంప్యూటర్ ఆగిపోయింది. పది నిమిషాలకోసారి భద్రపరచమని లోకానికంతా చెప్పిన నేను, మాటల వరుస తప్పుతుందనే ధ్యాసలో ఒక్కసారి కూడా ఆ రెండు మీటలు నొక్కలేదు.

గోడవైపు తిరిగి కూర్చున్న ఆ అరగంటలో గుర్తున్నదంతా కాగితం మీద రాశాను. అరగంట అయ్యాక ప్రశ్నలోని రెండు వాక్యాలనూ రెండుసార్లు చదివి, 'అవును' నొక్కాను. రాజవ్వ మాటలు మొత్తం తిరిగి వచ్చాయి. కాగితంతో సరిచూశాను. మూడు చోట్ల నా జ్ఞాపకమే తప్పింది. ప్రింటు తీసి, అడుగున ఆమె ఆ మాటలు చెప్పిన తేదీ రాసి, సంతకం చేశాను.

బిళ్ళను పెట్టెలో వేయవచ్చా అని ఆలోచించాను. ఆలోచించాల్సినంత విషయం కాదు. పైకి వచ్చింది పోయిన నెల చెప్పిన మాట. గోడ మాట కాదు. కంప్యూటర్ పైన గోడకు ఒక మేకు కొట్టి, తొమ్మిదో నంబరు బిళ్ళను దానికే తగిలించాను. నిలిచిందో లేదో వేలితో ఒకసారి తట్టి చూశాను.